మన బొగ్గు వ్యాగన్‌ని 1:87లో కట్టడం: ఇల్లందు, డోర్నకల్ లైను

మొదటిసారి చూస్తున్నవాళ్ల కోసం రెండు ముక్కలు: నేను బీటెక్ చేసి, కొన్నేళ్లు హైదరాబాద్‌లో కోడ్ రాసి, ఇప్పుడు ఖమ్మంలో కూర్చుని ఈ వీడియోలు చేస్తున్నా. ఈ రోజు ఎపిసోడ్ కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఎందుకంటే చాలామంది అడిగిన ప్రశ్న ఇది. స్టీమ్ ఇంజిన్ల కాలంలో మన దగ్గర బొగ్గు మోసిన నాలుగు చక్రాల వ్యాగన్‌ని చిన్న మోడల్‌గా, కొలతలు తప్పకుండా ఎలా కట్టాలి?

ముందుగా, ఏ లైను గురించి మాట్లాడుతున్నామో చూద్దాం. 1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి చెందిన డాక్టర్ కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని కనిపెట్టాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వే హక్కులు తీసుకుంది. అప్పటి నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే 1886లో వరంగల్ దాకా వచ్చింది, 1888లో డోర్నకల్ నుంచి ఇల్లందు గనులకి కొమ్మ లైను వేసింది, 1889లో బెజవాడ చేరింది. ఈ వరుస గమనించండి. బెజవాడ కంటే ముందు బొగ్గు గని దగ్గరికి పట్టాలు పడ్డాయి. ఇల్లందుని పెద్దవాళ్లు ఇప్పటికీ బొగ్గుట్ట అనే అంటారు కదా, రైలు వచ్చింది ఆ బొగ్గు కోసమే.

తర్వాత కారేపల్లి దగ్గర ఇంకో కొమ్మ చీలి కొత్తగూడెం వెళ్లింది. ఆ స్టేషన్ పేరు భద్రాచలం రోడ్. రాములవారి దర్శనానికి వచ్చినవాళ్లు అక్కడ దిగి ఇంకో నలభై కిలోమీటర్లు బస్సులో పోవాలి, గోదావరి దాకా పట్టాలు లేవు. రైల్వేలో ఊరి పేరు పక్కన రోడ్ అని ఉంటే అసలు ఊరు ఇంకా దూరం ఉందని అర్థం. మన మోడల్ ఈ లైను మీద నిలబడాలి.

ఇప్పుడు అసలు పనిలోకి వద్దాం. మొదటి నిర్ణయం, ఏ సంవత్సరం? ఇది తేల్చకుండా బ్లేడు పట్టుకోవద్దు. ఎందుకంటే వ్యాగన్ మీద రాసే అక్షరాలు మారిపోతాయి. 1950 దాకా నిజాం స్టేట్ రైల్వే. 1951 నుంచి సెంట్రల్ రైల్వే. 1966 అక్టోబర్ 2న దక్షిణ మధ్య రైల్వే పుట్టింది. అదే వ్యాగన్, అదే పట్టా, మూడు పేర్లు. నేను 1960 ఎంచుకున్నా. అప్పటికి చిత్తరంజన్‌లో డబ్ల్యూజీ రకం గూడ్స్ ఇంజిన్లు తయారవుతున్నాయి, పాత నాలుగు చక్రాల వ్యాగన్లు ఇంకా బోలెడు తిరుగుతున్నాయి. ఎనిమిది చక్రాల బాక్స్ వ్యాగన్లు అప్పుడప్పుడే వస్తున్నాయి.

ఇక్కడ ఒక చిన్న విషయం. 1960 అన్నాం కదా అని రేకులో ప్రతి వ్యాగన్ మీదా సెంట్రల్ రైల్వే అని రాసేస్తే అది తప్పు బొమ్మ అవుతుంది. బ్రాడ్‌గేజ్ వ్యాగన్లు దేశమంతా ఒకే పూల్‌లో తిరిగేవి. ఇల్లందు సైడింగ్‌లో నిలబడ్డ ఖాళీ రేకులో ఈస్టర్న్, సదరన్, వెస్టర్న్ అన్నీ కలిసి ఉండేవి. పది వ్యాగన్లు కడితే నాలుగైదు రైల్వేల అక్షరాలు కనిపించాలి.

రెండో నిర్ణయం స్కేల్. ఇక్కడే మనకి అసలు చిక్కు. ప్రపంచంలో ఎక్కువమంది వాడేది హెచ్‌ఓ స్కేల్, అంటే 1:87. దాని పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. దాన్ని 87తో గుణిస్తే దాదాపు 1435 వస్తుంది. అది యూరప్, అమెరికా వాళ్ల స్టాండర్డ్ గేజ్. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు. 1676ని 87తో భాగిస్తే 19.3 రావాలి. అంటే షాపులో దొరికే ట్రాక్ మీద మన వ్యాగన్ పెడితే, నిజంలో 24 సెంటీమీటర్లు ఇరుకైన పట్టాల మీద నిలబెట్టినట్టు. కంటికి తెలిసిపోతుంది. కోళ్ల గంపని గ్లాసు మీద పెట్టినట్టు ఉంటుంది.

దారులు మూడు. ఒకటి, ఆ 24 సెంటీమీటర్ల తేడా ఒప్పుకుని, దొరికే ట్రాక్ మీద హాయిగా బండి నడుపుకోవడం. ఇందులో తప్పేం లేదు, పిల్లలతో ఆడుకోవాలంటే ఇదే చెయ్యండి. రెండు, ట్రాక్‌ని అలాగే ఉంచి, స్కేల్ మార్చడం. 1676ని 16.5తో భాగిస్తే 1:101.6 వస్తుంది. అన్నీ ఆ లెక్కలో కట్టొచ్చు, కానీ మనుషుల బొమ్మల దగ్గర్నుంచి చక్రాల దాకా ఏదీ బయట దొరకదు. మూడు, 1:87లోనే ఉండి 19.3 మిల్లీమీటర్ల ట్రాక్ మనమే వేసుకోవడం. నేను మూడోది తీసుకున్నా. నాది నడిచే లేఅవుట్ కాదు, ఒక మీటరు పొడుగు సైడింగ్. దాని మీద ఆరు వ్యాగన్లు నిలబడితే చాలు. చక్రాలు కొన్నవే, ఇరుసు మాత్రం స్టీలు కడ్డీ కోసి పొడుగ్గా వేశా.

మరి విదేశీ వ్యాగన్ మోడల్ కొని ఇటుక రంగు వేస్తే సరిపోదా అని అడిగారు. సరిపోదండి. బ్రిటన్‌లో సొరంగాలు, ప్లాట్‌ఫారాలు ఇరుకు, అందుకని వాళ్ల బొగ్గు వ్యాగన్ సన్నంగా ఉంటుంది. మన బ్రాడ్‌గేజ్ మీద 3250 మిల్లీమీటర్ల వెడల్పు దాకా అనుమతి ఉంది. మన వ్యాగన్ ముందునుంచి చూస్తే భుజాలు విరుచుకున్నట్టు ఉంటుంది.

మూడోది, కొలతలు. డ్రాయింగ్ చేతిలో ఉంటే అదృష్టం. లేకపోతే ఫోటో నుంచి తీయాలి. ఫోటోలో మనకి కచ్చితంగా తెలిసిన కొలత ఒకటి వెతకాలి. ముందునుంచి తీసిన ఫోటో అయితే పట్టాల మధ్య దూరం, 1676. పక్కనుంచి అయితే బఫర్ ఎత్తు పనికొస్తుంది. రైలు పట్టా పైనుంచి బఫర్ మధ్యకి ఖాళీ బండిలో గరిష్ఠంగా 1105, నిండు బండిలో కనిష్ఠంగా 1030 మిల్లీమీటర్లు ఉండాలని నియమం. అంటే మన స్కేల్‌లో 12.7, 11.8. నిండు వ్యాగన్ స్ప్రింగులు దిగి, ఖాళీదానికంటే దాదాపు ఒక మిల్లీమీటరు కిందికి కూర్చోవాలన్నమాట. పక్కపక్కన పెడితే ఆ తేడా బాగా తెలుస్తుంది. ఫోటోలో మనిషిని చూసి మాత్రం కొలవద్దు, మనిషి ఐదడుగులా ఆరడుగులా మనకి తెలీదు.

కానీ ఫోటోలో కనిపించనివి కొన్ని ఉంటాయి. అక్కడ మనుషుల్నే అడగాలి. మా తాతయ్య, అమ్మ వాళ్ల నాన్న, ఇల్లందులో వ్యాగన్ లోడింగ్ పని చేశారు. ఇప్పుడు ఎనభై దాటాయి. నేను త్రీడీ ప్రింటర్‌లో తీసిన మొదటి నమూనా ఆయన చేతిలో పెట్టా. కంటికి దగ్గరగా పెట్టుకుని, పక్క తలుపు మీద బొటనవేలితో తడిమి, "దీనికి కాటర్ ఏది బిడ్డా?" అన్నారు.

కాటర్ అంటే తలుపు గొళ్లెంలో దిగ్గొట్టే ఇనుప మేకు. అది ఊడి పడిపోకుండా చిన్న గొలుసుతో వేలాడుతుంది. ఆయన పనిచేసిన రకం వ్యాగన్‌కి తలుపు కిందవైపు మడతబందుల మీద బయటికి పడుతుంది. ఖాళీ రేకు వచ్చినప్పుడు సగం తలుపులు తెరిచే ఉండేవట. ఇద్దరు కలిసి ఎత్తాలి. ఒకడు భుజంతో ఆపి పట్టుకుంటే ఇంకొకడు సుత్తితో కాటర్ కొట్టాలి. అది సరిగ్గా దిగకపోతే, నింపిన తర్వాత లోపలి బొగ్గు బరువుకి తలుపు ఎప్పుడు పడుతుందో తెలీదు. "కాటర్ కొట్టేటప్పుడు తలుపు ముంగట నిలబడొద్దు, పక్కకి నిలబడాలె. కొత్తోళ్లకి ఫస్టు చెప్పేది అదే" అన్నారు. తర్వాత తన కుడిచేతి ఉంగరపు వేలు చూపించారు, పై కణుపు లేదు. నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్న వేలే అది. ఏ తలుపు అని ఎప్పుడూ అడగలేదు.

నిజంలో కాటర్ పొడవు జానెడు ఉండదు. మన స్కేల్‌లో మిల్లీమీటరున్నర. మామూలుగా ఎవరూ పట్టించుకోరు, కంపెనీ మోడళ్లలో కూడా తలుపు మీద ఒక గీత గీసి వదిలేస్తారు. కానీ ఈ వ్యాగన్ చుట్టూ బతికిన మనిషికి అదే వ్యాగన్. అందుకే కొలతలు తప్పొద్దని నేను ఇంత పట్టుబడుతున్నా. తలుపు ఎంత వెడల్పో సరిగ్గా తెలిస్తే, దాన్ని ఎత్తడానికి ఇద్దరు ఎందుకు కావాలో తెలుస్తుంది. గోడ ఎంత ఎత్తో తెలిస్తే, తలమీద తట్టతో పలక ఎక్కి బొగ్గు పొయ్యడం ఎంత పనో తెలుస్తుంది.

సరే, కట్టడం ఎలాగో త్వరగా చెప్తా. నిజం వ్యాగన్ రేకు మందం 6 మిల్లీమీటర్లు అనుకుంటే స్కేల్‌లో 0.07, అంటే జిరాక్స్ కాగితం కంటే పలచన. అది ప్రింటర్‌లో తీస్తే వంకర్లు పోతుంది. అందుకని ఫ్రేమ్, ఇరుసు పెట్టెలు, స్ప్రింగులు, బఫర్లు మాత్రమే రెసిన్ ప్రింట్. గోడలు 0.25 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ షీట్‌తో చేసి, పై అంచుని ఉప్పుకాగితంతో లోపలివైపు ఏటవాలుగా అరగదీయండి. కంటికి కనిపించేది అంచు ఒక్కటే కాబట్టి పలుచగా అనిపిస్తుంది. రివెట్లకి షీట్ వెనకనుంచి కంపాస్ ముల్లుతో ఒక్కొక్కటీ నొక్కాలి. కింద గ్రాఫ్ పేపర్ పెట్టుకుంటే వరుస తప్పదు. కాటర్‌కి కరెంటు వైరులోని ఒక రాగి పోగు, గొలుసుకి అలాంటివే రెండు పోగులు మెలేసింది.

ఫ్రేమ్ కింద వ్యాక్యూమ్ బ్రేక్ సిలిండర్, పక్కన చేతి బ్రేకు లీవరు మర్చిపోకండి. చివర్లలో రెండు బఫర్లు, మధ్యలో కొక్కెం, స్క్రూ కప్లింగ్. బాక్స్ వ్యాగన్లలో ఉండే మధ్య కప్లర్ దీనికి పెట్టొద్దు.

రంగు, ఎరుపు కలిసిన గోధుమ. దాని మీద నలుపు ఒక్కటే పూస్తే చాలదు. చక్రాల దగ్గర బ్రేకు రజను నారింజ ఛాయలో ఉంటుంది, కింద మన ఎర్రమట్టి దుమ్ము, లోపల రాపిడికి మెరిసే ఇనుము, మూలల్లో బొగ్గు పొడి. లోడుకి నిజమైన బొగ్గే వాడండి. ఒక చిన్న పెళ్ల గుడ్డలో కట్టి సుత్తితో కొట్టి, టీ జల్లెడలో పట్టండి. నిజంలో 10 సెంటీమీటర్ల పెళ్ల మన దగ్గర 1.15 మిల్లీమీటర్లు. నీళ్లు కలిపిన ఫెవికాల్ చుక్కలుగా వేస్తే అతుక్కుంటుంది. బండి నడిపేవాళ్లకి బరువు ముఖ్యం. అమెరికా మోడలర్ల సంఘం సూచన ప్రకారం 8 సెంటీమీటర్ల హెచ్‌ఓ వ్యాగన్ 73 గ్రాములు ఉండాలి. బొగ్గు కింద సీసం ముక్క దాచండి.

సైడింగ్ వెనక చెట్లు కూడా మనవే ఉండాలి. టేకు, నల్లమద్ది, తునికి. నేను మార్చి నెల పెట్టా. టేకు ఆకు మొత్తం రాలి, నేలంతా గోధుమరంగు. విదేశీ ప్యాకెట్‌లో వచ్చే పచ్చగడ్డి పొడి అక్కడ నప్పదు.

చివరిగా ఒక పని మీకు. ఆ రోజుల్లో యార్డుల్లో కెమెరా పట్టుకుని తిరగనిచ్చేవాళ్లు కాదు, అందుకని వ్యాగన్ కోసం తీసిన ఫోటోలు తక్కువ. కానీ ఇల్లందు, కొత్తగూడెం, డోర్నకల్ ఇళ్లల్లో పాత గ్రూప్ ఫోటోలు ఉంటాయి. యూనియన్ మీటింగులు, రిటైర్మెంట్ దండలు, స్టేషన్లో సాగనంపింది. మనుషుల వెనక, అంచుల్లో చూడండి. సగం వ్యాగన్ కనిపించినా నాకు చాలు. ఇంట్లో లోడింగ్ చేసిన పెద్దవాళ్లు ఉంటే ఈ వీడియో చూపించి, తలుపు ఎటు తెరుచుకునేది, గొళ్లెం ఎలా ఉండేదని అడగండి, ఫోన్‌లో రికార్డ్ చెయ్యండి. అండర్‌గ్రౌండ్ బావులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. నాలుగు చక్రాల వ్యాగన్లు తుక్కులో కరిగిపోయాయి. కాటర్ కొట్టినవాళ్లు ఇంకా కొంతమంది ఉన్నారు, వాళ్లని ఈ వారమే అడగండి.

వచ్చే ఎపిసోడ్‌లో 19.3 ట్రాక్ స్లీపర్ల దగ్గర్నుంచి ఎలా వెయ్యాలో చేసి చూపిస్తా. డౌట్లు ఉంటే కామెంట్లలో రాయండి, కొలత చెప్పేటప్పుడు అది దేన్నుంచి తీశారో కూడా రాయండి. ఉంటానండి, నమస్తే.