వేసవి కూరమడికి చలికాలపు ఏర్పాట్లు



ఉగాది పండుగ కాగానే మనలో చాలామందికి పెరట్లో నాలుగు కూరగాయల గింజలు వేద్దామన్న ఆలోచన కలుగుతుంది. సంతలో బీరకాయ, బెండకాయ ధరలు పెరిగే రోజులు కదా! గింజలు తెస్తాం, వేస్తాం. మొలక వస్తుంది, నాలుగు ఆకులు తొడుగుతుంది. ఈలోగా ఎండ నలభై డిగ్రీలకు చేరుతుంది. బోరులో నీరు తగ్గుతుంది. మొక్క వాడిపోతుంది. మన నేల కూరగాయలకు పనికిరాదని చెప్పుకొని ఊరుకుంటాం.

నిజానికి ఆ మడి పని రెండు మూడు నెలల ముందే, మార్గశిర, పుష్య, మాఘ మాసాలలోనే జరగవలసింది. చలిదేశాలలో వసంతం వచ్చాక గింజ వేస్తారు. మన బళ్ళారి సీమలో వసంతమంటేనే ఎండాకాలం. అప్పటికే వేరు లోతుకు దిగిన మొక్క మాత్రమే నిలబడుతుంది. అందుచేత చలి నెలలలో చేసుకోవలసిన ఏర్పాట్లను గురించి ఈ పూట ముచ్చటించుకుందాం.

అన్నిటికంటె ముందు నీటి లెక్క చూసుకోవాలి. మన జిల్లాలో ఏడాదికి కురిసే వాన ఐదారు వందల మిల్లీమీటర్లు మాత్రమే. అదీ చాలావరకు జూన్, అక్టోబరు నెలల మధ్యనే కురిసిపోతుంది. ఇక తుంగభద్ర సంగతి మీకు తెలిసిందే. జలాశయంలో మొదట సుమారు 133 టి.ఎం.సి.ల నీరు పట్టేది. పూడిక చేరి ఇప్పుడది 105 టి.ఎం.సి.ల దగ్గరకు తగ్గింది. 2024 ఆగస్టు 10 రాత్రి పంతొమ్మిదవ గేటు కొట్టుకుపోయినపుడు అటు బళ్ళారి, ఇటు కర్నూలు, అనంతపురం ఆయకట్టు రైతులు ఎంత ఆందోళన పడ్డారో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కాబట్టి వేసవిలో కాలువ నీరు వస్తుందన్న ధైర్యంతో పెరటి మడి వేసుకోరాదు. మన ఇంటి నీటిని నమ్ముకొని వేసుకోవాలి.

బడిలో పిల్లల చేత నేను ఒక లెక్క చేయిస్తూ ఉంటాను. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు ఎత్తున నీరు నిలిస్తే అది ఒక లీటరు అవుతుంది. మంచి ఎండల్లో ఏపుగా పెరిగిన కూరమడికి రోజుకు సుమారు 6 మిల్లీమీటర్ల నీరు కావాలి. ఒక సెంటు నేల అంటే సుమారు 40 చదరపు మీటర్లు. నలభైని ఆరుతో గుణిస్తే 240 లీటర్లు. పదిహేను లీటర్ల బిందెతో మోస్తే 16 బిందెలు! మన జిల్లాలో గుంటల లెక్క వాడుకలో ఉంది గనుక అదీ చెబుతాను. గుంట అంటే రెండున్నర సెంట్లు. అంటే గుంట మడికి రోజుకు 40 బిందెలు.

ఈ చలికాలంలోనే నాలుగు రోజులపాటు మీ ఇంట్లో బియ్యం, పప్పు, కూరలు కడిగిన నీరు ఎంత వస్తుందో, బోరు నుంచి గాని కొళాయి నుంచి గాని అదనంగా ఎంత దొరుకుతుందో కొలిచి చూడండి. వేసవిలో అది ఇంకా తగ్గుతుందని గుర్తుంచుకోండి. రోజుకు ఎనిమిది బిందెలు తప్పక దొరుకుతాయనుకుంటే అర సెంటు మడి చాలు. నాలుగే దొరికితే పావు సెంటు. ఆశపడి అంతకు మించి వేస్తే ఉన్న మొక్కలూ దక్కవు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. చాలా ఇళ్లలో నీళ్లు మోసేది ఆడవారు, ఆడపిల్లలు. మార్చి నెల వచ్చిందంటే పరీక్షలు. పదవ తరగతి చదివే అమ్మాయి పుస్తకం పక్కన పెట్టి బిందె పట్టుకోవలసి వస్తే ఆ బెండకాయలు మనకు చవకగా వచ్చినట్టు కాదు. మడి ఎంత ఉండాలో నీళ్లు మోసేవారిని అడిగి నిర్ణయించుకోవడం న్యాయం. ముందుగా చేసుకునే ఏర్పాట్లన్నీ ఆ బిందెల సంఖ్య తగ్గించడానికే.

ఇక నేల సంగతి. నల్లరేగడి బురదగా ఉన్నపుడు తవ్వితే పెడ్డలు కడుతుంది. పూర్తిగా ఎండితే గడ్డపార దిగదు. వానలు వెనుకబట్టి, మన్ను పిడికిట పట్టి వదిలితే పొడిగా రాలే అదను చూసి, అడుగు లోతున తవ్వి రెండు మూడు వారాలు అలాగే వదలాలి. మట్టిలో దాగిన పురుగుల కోశాలు పైకి వచ్చి ఎండకు చస్తాయి, పక్షులకు ఆహారమవుతాయి. ఎర్రనేల వారికి తవ్వడం సులువే గాని నీరు నిలవదు. వారికి పశువుల ఎరువే దిక్కు. సిరుగుప్ప వైపు కాలువ కింది భూములలో చౌడు కనిపిస్తుంది. నేల మీద తెల్లగా ఉప్పు పూస్తున్నట్టయితే మన్ను పరీక్ష చేయించకుండా ఏమీ వేయరాదు. మడిలో ఎనిమిది పది చోట్ల ఆరంగుళాల లోతు నుంచి మన్ను తీసి, కలిపి, నీడన ఆరబెట్టి, అరకిలో సంచిలో వేసి మీ హోబళి రైతు సంపర్క కేంద్రానికి ఇవ్వండి. హగరిలోని కృషి విజ్ఞాన కేంద్రం వారినీ సలహా అడగవచ్చు.

ఎరువు విషయంలో తొందర పనికిరాదు. పచ్చి పేడ వేస్తే చెదలు, వేరుపురుగు పట్టుకుంటాయి. పేడ, చెత్త, కూరగాయల తొక్కలు గుంతలో పొరలు పొరలుగా వేసి, తడి ఆరకుండా చూస్తూ, నెలకొకసారి తిరగవేస్తే మూడు నాలుగు నెలలకు చివికి నల్లగా పొడి అవుతుంది. కార్తీకంలో వేసిన గుంత మాఘానికి అందుతుంది. ఆలస్యమైనవారు పాత దిబ్బ అడుగున చివికిన ఎరువు తీసుకోవచ్చు. సెంటుకు వంద కిలోల చివికిన ఎరువు, ఒకటి రెండు కిలోల వేపపిండి కలిపితే సరిపోతుంది.

మరొక విలువైన వస్తువును మనం ఈ నెలల్లోనే తగలబెడుతున్నాం. శిశిరంలో వేప, కానుగ ఆకులు రాలి గుట్టలు పడతాయి. కంప్లి, సిరుగుప్పలలో వరి కోతలయ్యాక గడ్డి మిగులుతుంది. వేరుశనగ పొట్టు ఉంటుంది. వీటిని తగలబెట్టకుండా సంచులలో నింపి దాచండి. వేసవిలో మొక్క చుట్టూ రెండు మూడు అంగుళాల మందాన పరిస్తే నేల తేమ ఆరదు, కలుపు రాదు. నీళ్ల బిందెలు తగ్గేది ఇక్కడే.

విత్తనాలను కూడా ముందే చూసుకోవాలి. నిరుడు దాచిన గింజలలో ఇరవై తీసి తడిగుడ్డలో చుట్టి, చలి తగలకుండా వంటింట్లో పొయ్యికి కొంచెం దూరంగా ఉంచండి. పద్నాలుగు, అంతకు మించి మొలిస్తే మంచి విత్తనం. పది కూడా మొలవకపోతే కొత్తవి కొనుక్కోవడం మేలు. సంకర రకాల కాయల నుంచి గింజ తీసి దాచితే మళ్లీ అదే కాపు రాదు. బెండకు వేసవిలో తెల్లదోమ వల్ల పల్లాకు తెగులు వ్యాపిస్తుంది. దీనిని తట్టుకునే గుణం చూసి, బెంగళూరు దగ్గరి హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ వారు రూపొందించిన అర్కా అనామిక వంటి రకాలు ఎంచుకోవచ్చు.

ఇప్పుడు ఏది ఎప్పుడు వేయాలో చెబుతాను. టమాట, వంగ, మిరప నారు డిసెంబరు రెండవ పక్షంలో పోయాలి. పాత బుట్టలోనో, పగిలిన బానలోనో పోసినా ఇంటి మట్టుకు చాలు. ఇరవై ఐదు, ముప్ఫై రోజుల నారును సంక్రాంతి వెళ్ళిన పది రోజులలోగా నాటుకోవాలి. దీనికి కారణం ఉంది. పగటి ఎండ 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా ఉక్కపోస్తే టమాట పూత రాలిపోతుంది, పిందె కట్టదు. జనవరిలో నాటితే పూత ఫిబ్రవరిలోనే వచ్చి, ఎండలు ముదిరేసరికి కాయ చేతికి వస్తుంది.

బెండ, బీర, కాకర, సొర గింజలు చలిలో సరిగా మొలవవు. వాటిని రథసప్తమి నాటికి, రాత్రంతా నీళ్లలో నానబెట్టి వేయండి. గోరుచిక్కుడు ఎండకు ఓర్చేది గనుక ఫిబ్రవరిలో ఎప్పుడైనా వేయవచ్చు. మెంతి, కొత్తిమీర చలి ఉండగానే తీసుకోవాలి. తోటకూర పదిహేను రోజులకొక మడక చొప్పున వేస్తూ పోతే ఇంట్లో ఆకుకూరకు లోటుండదు. మడికి పడమటి వైపున జనవరిలోనే రెండు వరుసలు మొక్కజొన్న వేస్తే, మార్చి చివరికి ఎత్తు పెరిగి సాయంకాలపు ఎండను, వేడిగాలిని ఆపుతుంది.

చివరగా, సరిహద్దు జిల్లా వారికి మాత్రమే ఉండే ఒక చిక్కు చెప్పాలి. 1953 అక్టోబరు 1న పాత బళ్ళారి జిల్లా నుంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో కలిశాయి. బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. అప్పటి నుంచి మన ఇళ్లలో మాట తెలుగు, కచేరిలో కాగితం కన్నడం. చాలా మాటలు దగ్గరగానే ఉంటాయి. మన మొలక అక్కడ మొళకె, మన బెండ బెండె, మన సొర సోరె. కాని వంకాయ బదనెకాయి, బీర హీరెకాయి, కాకర హాగలకాయి, ఎరువు గొబ్బర. అసలు మోసం చేసేవి దగ్గరగా వినిపించే మాటలు. కన్నడంలో "ఎరె మణ్ణు" అంటే నల్లరేగడి. మన చెవికి అది ఎర్రమన్నులా వినిపిస్తుంది! "ఎరెహుళు గొబ్బర" అంటే వానపాముల ఎరువు. అటువంటి మాట పొరపాటున అర్థం చేసుకుంటే మోతాదే మారిపోతుంది. కాగితం చేతికి రాగానే బడికి వెళ్లే పిల్లల చేత చదివించి, మీరు తెలుగులో అర్థం చెప్పండి. పిల్లలకు మడిపని తెలుస్తుంది, మీకు కాగితం తెలుస్తుంది. రెండు భాషలు ఉన్న ఇంటికి అది ఒక లాభమే.

నీరు కొలవడం, నేల తవ్వడం, ఎరువు చివకనివ్వడం, ఆకులు దాచడం, గింజ పరీక్షించడం. వీటిలో ఏదీ పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఎండ ముదిరాక ఎంత డబ్బు పోసినా వీటిని చేయలేం. చలి ఉండగానే, ఒక తెల్లవారుజామున బిందె, పార తీసుకొని పెరట్లోకి వెళ్లండి. శివరాత్రి నాటికి తీగ పందిరెక్కితే ఉగాదికి మీ వంటింట్లో మీ పెరటి కూరే ఉడుకుతుంది.