ఇంటి పంచాంగము



ఉగాదినాడు మన పల్లెలలో జరుగునది మీకందఱకును తెలిసినదే. ఉదయమున వేపపూత పచ్చడి తిందుము. ప్రొద్దు వాలిన పిమ్మట దేవాలయ మంటపమునందో, రచ్చచెట్టు క్రిందనో చేరుదుము. పురోహితులవారు క్రొత్త పంచాంగమును విప్పి, రాజెవ్వరు, మంత్రి యెవ్వరు, వానలెట్టివి, పంటలెట్టివి యని చదువుచుండగా వినుచుందుము. మన రాశి వచ్చినప్పుడు మఱింత చెవి యొగ్గుదుము. ఆదాయము 8, వ్యయము 14 అని విన్నవాడు నిట్టూర్చును. ఆదాయము 14, వ్యయము 8 అని విన్నవాడు మీసము సవరించుకొనును. అంతట అందఱమును పైపంచె దులుపుకొని యింటికి పోవుదుము. వారము తిరుగకమునుపే ఆ యంకెలు మఱచిపోవుదుము.

నేనును అట్లే అనేక సంవత్సరములు విని, లేచి, మఱచినవాడను. పంచాంగశ్రవణమునందు దోషమున్నదని నే ననను. అది పెద్దలనాటి ఆచారము. నలుగురు కూడి కూర్చుండు మంచి దినము. అయితే ఆ దినమున మనము చేయక విడుచుచున్న పని యొకటి కలదు. రాబోవు పండ్రెండు నెలలలో మన యింట నేమి జరుగవలెనో మన చేతితో మనము వ్రాసికొనుట లేదు. అట్లు వ్రాసికొను పుస్తకమునకు నేను ఇంటి పంచాంగమని పేరు పెట్టుకొంటిని. దానినిగూర్చియే యీనాటి ప్రసంగము. నేను పండితుడను కాను, సేద్యగాడను. ఈ సంగతి గ్రంథములు చదివి తెలిసికొన్నది కాదు, నష్టపడి తెలిసికొన్నది.

మాది కృష్ణా డెల్టాలోని యొక పల్లె. విక్రమనామ సంవత్సరపు ఉగాదినాడు, అనగా 2000వ సంవత్సరమున, మా తల్లి నాకు పచ్చడి గిన్నె యందించుచు, "నాయనా, ఒక్కమారు కాశికి పోయి గంగలో మునిగి రావలెనని యున్నదిరా" అనెను. "అట్లే నమ్మా, ఈ యేడే పోవుదము" అంటిని. ఆ మాట మనస్ఫూర్తిగనే యంటిని. కాని యా యేడు మేనకోడలి పెండ్లి వచ్చెను. మఱుసటి యేడు పశువుల కొట్టము కూలెను. చిత్రభానున, 2002లో, వానలు మొగము చాటు చేసెను. ప్రతి యుగాదికిని ఆమె యొక్కమారడుగును. నేను "వచ్చే యేడు తప్పక" యందును. అదే దినమున రెండవమారడుగు స్వభావ మామెకు లేదు. వ్యయనామ సంవత్సరమున, 2006 కార్తికమాసమునందు, ఆమె కాలము చేసెను.

పెద్దకర్మ ముగిసిన పిమ్మట ఆమె పెట్టె తెరచితిమి. చీరల క్రింద 7 పాత పంచాంగములుండెను. ఒక్కొక్కదాని వెనుక అట్టమీద పెన్సిలుతో ఒక అంకె వేసియుండెను. పాలు, పెరుగు అమ్మగా మిగిలిన చిల్లరను ఆమె యే యేటికా యేడు కూడబెట్టి, మొత్తము అక్కడ గుర్తు పెట్టుకొన్నది. పెట్టె యడుగున గుడ్డసంచిలో 6,140 రూపాయలుండెను. ప్రతి యట్టమీదను అంకె ప్రక్కన ఒకటే మాట: కాశి.

సొమ్ము ఆమె వ్రాసినది. నెల వ్రాయవలసినవాడను నేను. నేను వ్రాయలేదు.

కోరిక వేఱు, ఏర్పాటు వేఱు అని నాకు ఆనాడు తెలియవచ్చెను. ఏర్పాటు లేని కోరిక ఎవ్వరును కాదనకుండగనే చచ్చిపోవును. ఆమె కోరికను మా యింట నెవ్వరును కాదనలేదు. అందఱమును అవుననుచునే యుంటిమి.

మఱుసటి ఉగాది సర్వజిత్తు, 2007. ఆనాడు పంచాంగశ్రవణమునుండి యింటికి వచ్చి, 200 పుటల గట్టి అట్ట పుస్తకమును ముందు పెట్టుకొని కూర్చుంటిని. మన పంచాంగమునకు తిథి, వారము, నక్షత్రము, యోగము, కరణము అని యైదంగములు గదా! ఇంటి పంచాంగమునకును ఐదే యంగములు నిర్ణయించుకొంటిని: పని, నెల, సొమ్ము, తోడు, తొలియడుగు. పుటకు ఐదు నిలువు గడులు గీచి, మొదటి వరుసలో నిట్లు వ్రాసితిని. పని: అమ్మ అస్థికలు గంగలో కలుపుట. నెల: మాఘము. సొమ్ము: అమ్మ సంచిలోనిది; చాలనిది ధాన్యము అమ్మినదానినుండి. తోడు: ఇంటిది. తొలియడుగు: ఈ వారముననే విజయవాడ పోయి రైళ్ల సంగతి కనుగొనుట.

ఆ మాఘమున పోయివచ్చితిమి. పోయిన పిమ్మట నాకు తెలిసినదేమనగా, ఆ రైలు ఆ యేండ్లన్నిటను నడచుచునే యున్నది.

ఈ యైదంగములలో అన్నిటికంటె ముఖ్యమైనది తొలియడుగు. అది పది దినములలో ముగియునంతటి చిన్న పని కావలెను. నా భార్య కంటికి శుక్లము వచ్చినప్పుడు, "కన్ను బాగుచేయించుట, ఫాల్గుణము, మినుములు అమ్మిన సొమ్ము, తోడు రెండవ కుమారుడు" అని నాలుగు గడులు నింపితిని. అయిదవ గడిలో "చైత్రములోనే వైద్యునికి చూపి వ్యయమెంతో అడుగుట" అని వ్రాసితిని. అడిగితిమి. వ్యయ మెంతో తెలిసినది గనుక, మినుముల సొమ్ము చేతికి వచ్చిన దినముననే అంత తీసి వేఱుంచితిని. లేకున్న నా సొమ్ము ఎరువుల యంగడికి పోయియుండును. ఏ పనికి మీకు తొలియడుగు తోచదో, ఆ పని యింకను పండలేదని తెలిసికొనవలెను. దానిని వేఱొక పుటలో కోరికల పట్టీయందుంచుడు.

ఇక పుస్తకపు టమరిక. మొదటి పుటలో సంవత్సరనామము. రెండవ పుటలో గతించిన యేటి పద్దు: జరిగిన మంచి యేది, జరిగిన నష్టమేది, ఎవరికిచ్చిన మాట నిలువలేదు. పిమ్మట పైని చెప్పిన ఐదు గడుల పట్టిక. తరువాత చైత్రము మొదలు ఫాల్గుణము వఱకు నెలకు రెండేసి యెదురెదురు పుటలు. ఎడమ పుట జరుగవలసినది. కుడి పుట జరిగినది. అధికమాసమును మఱువకుడు. చాంద్రమాన సంవత్సరమునకు సుమారు 354 దినములే గనుక, ఆ లోటు పూడ్చుటకై యించుమించు 32, 33 నెలల కొకమారు ఒక నెల అధికముగ వచ్చును. శోభకృత్తున, 2023లో, శ్రావణము అధికమాయెను. నేను పండ్రెండు నెలలకే పుటలు గీచికొని, ఆ యేడు కాగితము అంటించుకొనవలసి వచ్చినది. శుభకార్యములు పెట్టుకొనని యా నెలను, వెనుకబడిన చిన్న పనులు తీర్చుకొనుటకు కేటాయించితిని.

కుడి పుటలో వానలను వ్రాయునప్పుడు కార్తెనుబట్టి వ్రాయుడు. మన నెలలు చంద్రునితో ముందువెనుక లగును. కార్తెలు సూర్యుని ననుసరించునవి గనుక ఏటేట ఇంచుమించు అవే తేదీలకు వచ్చును. మృగశిర జూను 7, 8 తేదీల ప్రాంతమున ప్రవేశించును. ఏ కార్తెలో పదును దొరకినది, కాలువకు నీరెప్పుడు వచ్చినది, నారు ఎప్పుడు పోసితిమి అని పదేండ్లు వరుసగా వ్రాసినచో, మీ యూరి వానల సంగతి మీ మనుమలకు మీరిచ్చు ఆస్తి యగును.

ఏనాటిది ఆనాడు వ్రాయుట మన తెలుగువారికి క్రొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీని చెన్నపట్టణము విడిచి కాశియాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీని తిరిగి చేరిరి. దారిలో తగిలిన యూళ్లను, నదులను, మజిలీలను, దొరకు వస్తువులను దినదినమును వ్రాసియుంచిరి. ఆయన 1836లో గతించిరి. ఆ వ్రాత 1838లో అచ్చుపడెను. నేటికిని చదువుచున్నాము. రైలు లేని దినములలో ఆయన కాశికి పోయి రాగలిగిరి. రైలుండియు నేను మా తల్లిని తీసికొని పోలేకపోతిని. ఆ పుస్తకము చేతికి దీసికొన్నప్పుడెల్ల నాకీ మాట జ్ఞప్తికి వచ్చును.

నేను చేసిన తప్పులును చెప్పెదను. మొదటి యేడు ఉత్సాహమున 23 పనులు వ్రాసితిని. ఫాల్గుణము నాటికి జరిగినవి 4. మిగిలిన 19 పనులు పుస్తకము తెరచినప్పుడెల్ల నన్ను చూచి వెక్కిరించినట్లుండెను. అందుచేత తెరచుటయే మానితిని. అమెరికా దేశమున బెంజమిన్ ఫ్రాంక్లిను అను పెద్దమనిషి తన స్వీయచరిత్రలో నిట్టి సంగతియే చెప్పియున్నాడు. ఆయన 13 సుగుణము లేర్పరచుకొని, చిన్న పుస్తకములో వారమునకు 7 గడులు గీచి, తప్పు చేసినప్పుడెల్ల ఒక నల్లని చుక్క పెట్టుకొనెడివాడు. అన్నియు నొక్కమారే సాధింపబూనక, వారమున కొక్క గుణముపై దృష్టి నిలిపెను. అట్లు 13 వారములకు ఒక యావృత్తి, యేటికి నాలుగావృత్తులు. చెరిపి చెరిపి కాగితము చిల్లులు పడగా, తుడుచుకొనుటకు వీలుగ దంతపు రేకుల పుస్తకము సంపాదించెను. అంత శ్రద్ధ చేసినవాడును, పనులను క్రమముగ నుంచుకొనుట తనకు మిక్కిలి కష్టమాయెనని ఒప్పుకొన్నాడు. మనకు తప్పినచో సిగ్గుపడ నేల? రెండవ యేటినుండి నేను 7 పనులకు మించి వ్రాయుట లేదు.

రెండవ తప్పు, పుస్తకమును కోర్టు కాగితమువలె పొడిగ నుంచుట. ఒక ఉగాదినాడు నేను లేనప్పుడు నా భార్య నెల నెల పుట పైభాగమున ఆ నెలకు తగిన చుక్కల ముగ్గు వేసెను. మార్గశిరమున గొబ్బెమ్మలు, పుష్యమున రథము. మనుమరాలు ఆషాఢపు పుటలో రంగులతో నారుమడిని, దానిలో నాకంటె పెద్దదైన కొంగను చిత్రించెను. ఎవరో వేపపూత రెమ్మను పుటల నడుమ నదిమి పెట్టిరి. నేను మొదట కోపగించితిని. కాని యా యేడు పుస్తకము అటక యెక్కలేదు. ముగ్గు చూచుటకు ఒకరు, బొమ్మ చూచుటకు ఒకరు తీయుచుండిరి. తీసినవారు ప్రక్కనున్న పనిని చదువుచుండిరి. "తాతా, బావిగట్టు బాగుచేయు నెల ఇదే గదా?" అని మనుమరాలు అడిగినప్పుడు నాకు తప్పించుకొన వీలు లేకపోయెను. అందము వృథా వ్యయము కాదు. చేయి తనంతట తాను చాచి తెరచు పుస్తకమే పని చేయును. పాటలు వచ్చినవారు పాటలు వ్రాయుడు. ఊరగాయ పాళ్లు తెలిసినవారు అవి వ్రాయుడు.

ప్రతి అమావాస్యనాటి రాత్రియు అరగంట కూర్చుండి చూచుకొనుట నా నియమము. అయిన పనికి పసుపు చుక్క పెట్టుదును. కానిదానిని మఱుసటి నెలకు మోయుదును. మూడు అమావాస్యలు మోసిన పనిని నాలుగవ నెలకు మోయరాదు. చేసితీరవలెను, లేదా ఇది నాచేత కాదని వ్రాసి కొట్టివేయవలెను.

ఈ నియమము నాకొక మేలు చేసినది. గట్టు తగవుచేత నాలుగేండ్లు నాకును నా తమ్మునికిని మాటలు లేవు. ఒక యేడు పట్టికలో వ్రాసితిని. పని: తమ్మునితో మాటాడుట. సొమ్ము: అక్కరలేదు. తోడు: మేనత్త. తొలియడుగు: వాని గుమ్మ మెక్కుట. మూడు అమావాస్యలు మోసితిని. మూడవనాడు కలము తీసికొని కొట్టివేయబోతిని. "నా తమ్మునితో మాటాడుట నాచేత కాదు" అని నా చేతివ్రాతతో వ్రాయవలసి వచ్చినప్పుడు చేయి సాగలేదు. తెల్లవారి మేనత్తను వెంటబెట్టుకొని పోతిని. తగవు ఆనాడే తీరలేదు. కాని వాడు నన్ను చూచి, "కాఫీ త్రాగి కూర్చో అన్నయ్యా" అనెను. మాట కలిసిన పిమ్మట గట్టు తగవు నాలుగు నెలలలో తీరెను.

పెద్దలారా! మనబోటి వయస్సువారికి వచ్చే యేడనునది అప్పుగా దొరకు సొమ్ము కాదు. కావున రాబోవు ఉగాదినాడు ఒక పుస్తకము కొనుడు. వ్రాయుటకు ముందు ఇంటిలోని యాడువారిని, మాట తక్కువగ నున్నవారిని పిలిచి, "నీకేమి కావలెను?" అని యడుగుడు. వారు ఒక్కమారే చెప్పుదురు. ఆ మాటను మొదటి వరుసలో వ్రాసి, ప్రక్క గడిలో నెల పేరు వ్రాయుడు.