దైవవాక్కని ఎలా తెలుస్తుంది?



ఒక గ్రంథం దేవుడి మాటేనని భక్తులు ఎలా నిశ్చయించుకుంటారు? ఈ ప్రశ్న కొత్తది కాదు. వేదం విషయంలో మన పండితులు శతాబ్దాల పాటు దీని మీద వాదించుకున్నారు.

మీమాంసా దర్శనాన్ని అనుసరించే మీమాంసకులు ఏమన్నారు? వేదానికి కర్తే లేడన్నారు. మనిషి మాటలో పొరపాటు ఉండొచ్చు, మోసమూ ఉండొచ్చు. చెప్పినవాడే లేనప్పుడు తప్పుకు చోటెక్కడ? అందుకే వేదం అపౌరుషేయం, అంటే ఎవరూ రచించనిది అన్నారు.

న్యాయ దర్శనాన్ని అనుసరించే నైయాయికులు ఒప్పుకోలేదు. మాట ఉందంటే పలికినవాడు ఉండాలి కదా! వేదాన్ని పలికింది ఈశ్వరుడు, అందుకే అది ప్రమాణం అన్నారు. మరి నమ్మడమెలా? వారి మూలగ్రంథమైన న్యాయసూత్రాలు ఆయుర్వేదాన్ని పోలికగా చూపాయి. మందు పనిచేస్తే వైద్యుడి మాట మీద గురి కుదురుతుంది. అలాగే, వేదాన్ని పలికినవాడు నమ్మదగినవాడు కాబట్టి వేదమూ నమ్మదగినదే. మన తెలుగువాడు అన్నంభట్టు కూడా తర్కసంగ్రహం అనే గ్రంథంలో వేదాన్ని ఈశ్వరుడి మాటగానే ప్రమాణమన్నాడు.

ఇస్లాంలో గీటురాయి వేరు. ఇలాంటి ఒక్క అధ్యాయమైనా తెచ్చి చూపండని ఖురాన్ సవాలు చేస్తుంది. ఆ సాటిలేని వాక్కే సాక్ష్యమని ముస్లింల విశ్వాసం. తొలినాటి క్రైస్తవులు మరో విధంగా చూశారు. ఇది యేసు శిష్యులైన అపొస్తలుల నుంచి వచ్చిందా? సంఘాలు దీన్ని చదువుతున్నాయా? అని అడిగారు.

చూశారా! కర్త లేడని ఒకరు, కర్త నమ్మదగినవాడని ఒకరు, వాక్కు సాటిలేనిదని మరొకరు. గీటురాళ్లు వేరైనా, అందరూ ఆధారం వెతికినవారే. విశ్వాసమంటే కళ్లు మూసుకోవడం కాదు. పొరుగువారి గ్రంథం గురించి తీర్పు చెప్పే ముందు, వారి గీటురాయి ఏమిటో ఒక్కసారి అడిగి తెలుసుకోండి.