దారం చివర మిగిలిన దూరం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

ఎనిమిదో తరగతిలో మన సోషల్ మాస్టారు గ్లోబు మీద దారం బిగించి చూపించేవారు, గుర్తుందా? "గోడ మీది పటంలో తిన్నని గీత దగ్గర దారి కాదర్రా. భూమి గుండ్రం. బిగించిన దారం ఎటు పోతే అదే దగ్గర దారి" అనేవారు. అలా శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు దారం పెడితే అది ఉత్తర ధ్రువం వైపుకు బాగా వంగి పోతుంది.

2021 జనవరి 9న కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో నలుగురు మహిళా పైలట్లు బయల్దేరి, ఎయిరిండియా విమానాన్ని ధ్రువ మార్గంలో ఎక్కడా ఆగకుండా తెచ్చారు. దారం కొలత సుమారు 14,000 కిలోమీటర్లు. గంటకు 900 చొప్పున పదిహేనున్నర గంటలు చాలాలి. పట్టింది దాదాపు 17. గాలులను బట్టి, అత్యవసరంలో దిగేందుకు అందే విమానాశ్రయాలను బట్టి దారి పక్కకు జరుగుతుంది. లేచేటప్పుడు, దిగేటప్పుడు వేగం తగ్గుతుంది.

ఇంజనీరుగా ఈ లెక్క నాకు కొట్టిన పిండి. అయినా తప్పాను.

కొన్నేళ్ల క్రితం వజ్రపుకొత్తూరు వైపున్న మా ఊళ్లో నాన్న పోయారు. నేను కాలిఫోర్నియాలో ఉన్నాను. "ఎన్ని గంటలకొస్తావు బాబూ?" అని అమ్మ ఫోన్లో అడిగింది. "పదిహేడు గంటలమ్మా" అన్నాను. విమానం ఎక్కేముందు బయల్దేరుతున్నానని చెప్పానే గాని, లెక్క సరిచేయలేదు.

ఇల్లు వదిలి విమానం లేచేసరికి 5 గంటలు. గాలిలో 17. బెంగళూరులో ఎదురుచూపు 5. విశాఖకు 2. అక్కణ్ణించి శ్రీకాకుళం, టెక్కలి, పలాస దాటి ఊరు చేరడానికి 4. మొత్తం 33.

ఊరంతా 17 గంటలు లెక్కపెట్టుకుని కూర్చుంది. ఇరవయ్యో గంటకు, ఇక ఉంచకూడదన్నారు పెద్దలు. బెంగళూరులో దిగి ఫోన్ తెరిచేసరికి తమ్ముడు తలకొరివి పెట్టేశాడు. ముప్పై మూడని ముందే చెప్పి ఉంటే పలాస నుంచి ఫ్రీజర్ పెట్టె తెప్పించేవారు. జీడితోట దాటి వాకిట్లో అడుగుపెడితే అమ్మ ఒక్కటే మాట అంది: "పదేడు గంటలన్నావు కదా బాబూ."

నేను చెప్పిన అంకె తప్పు కాదు. అది రెండు విమానాశ్రయాల మధ్య కాలం. అమ్మ అడిగింది వాకిలి నుంచి వాకిలికి.

మన ఉద్దానం పిల్లలు గల్ఫ్‌కి, అమెరికాకి వెళ్తున్నారు. అందరికీ ఒకే మనవి: ఇంట్లోవాళ్లు ఎంతసేపని అడిగితే టికెట్ మీది గంటలు చెప్పకండి. గడప నుంచి గడపకు లెక్కకట్టి, ఇంకో రెండు గంటలు కలిపి చెప్పండి.

ఈ సందర్భంగా మన బడికి ఒక పెద్ద గ్లోబు ఇస్తున్నాను. దానితోపాటు ఒక దారపు ఉండ కూడా. దారం కొలిచాక మిగిలే దూరం గురించి కూడా పిల్లలకు చెప్పమని మాస్టార్లను కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.