జొన్నగిరిలో వజ్రం దొరికితే డబ్బు ఎవరికి?

ఇందుకూరుపేట నుంచి మాట్లాడుతున్నా. మా బామ్మర్ది రొయ్యల గుంటల పని మానేసి, తొలకరికి కర్నూలు జిల్లా జొన్నగిరి పొలాల్లో వజ్రాల వేటకి పోతానంటున్నాడు. వాడికి చెప్పిందే మీకూ చెప్తా.

వజ్రమంటే కార్బనే. దాదాపు 150 కిలోమీటర్ల లోతున, విపరీతమైన వేడికీ ఒత్తిడికీ కోట్ల ఏళ్ల కిందట గట్టిపడింది. కింబర్లైట్ అనే శిలాద్రవం ఎగదన్ని పైకి తెచ్చింది. అనంతపురం జిల్లా వజ్రకరూరులో ఆ రాయి ఇప్పటికీ ఉంది. వానకి పైమట్టి కొట్టుకుపోతే పొలాల్లో ఎప్పుడన్నా ఒక వజ్రం తేలుద్ది.

కానీ అప్పుడది పెద్దగా మెరవదు, పటికముక్కలా ఉంటది. సానబడితేనే వెలుగు. సానబట్టేది కూడా వజ్రం పొడితోనే! అందులో బరువు పోతది. కోహినూరే 1852లో లండన్‌లో మళ్లీ సానబడితే దాదాపు 191 క్యారెట్ల నుంచి 105.6కి దిగింది. క్యారెట్ అంటే 0.2 గ్రాములు.

పచ్చి రాయిలో చివరికి ఎంత మిగులుద్దో కొనేవాడు అంచనా వేయగలడు, దొరికినోడికి తెలీదు. అందుకే ధర కొనేవాడు చెప్పిందే.

"రేయ్, సరదాకి రెండ్రోజులు పోయిరా. పని మానుకోని మాత్రం పోబాక" అన్నా. వింటాడో లేదో మరి!

ఉంటా ఫ్రెండ్స్.