రాయచూరు కారం – పోర్చుగీసు వంటిల్లు
(ప్లాటినం జూబిలీ ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



రాయచూరు ఇండ్లలో జొన్నరొట్టె ప్రక్కన ఎర్రకారం లేనిదే పళ్లెం నిండదు. ఆ కారం అనాదిగా తెలుగువారిదేనని పిల్లల నమ్మకం, పెద్దలదీ అంతే. పేరు మాత్రం వేరొక కథ చెబుతున్నది. మిరియం వంటి ఘాటు గల కాయ గనుక అది మిరపకాయ అయినది. కన్నడంలోనూ మెణసు అంటే మిరియం, మెణసినకాయి అంటే మిరప. క్రొత్త చుట్టానికి పాత చుట్టం పేరే పెట్టారన్నమాట!

మిరపకు పుట్టినిల్లు అమెరికా ఖండం. 1498లో వాస్కో డ గామా కాలికట్ చేరిన పిమ్మట, 1510లో గోవా పోర్చుగీసుల వశమైన పిమ్మట, మిరప, జీడిమామిడి, అనాస, బొప్పాయి వారి ఓడల వెంట ఈ దేశానికి వచ్చినవి. అనాస అనే మాట కూడ వారి నోటి మాటే.

1520లో కృష్ణదేవరాయలు రాయచూరు కోటను ముట్టడించినప్పుడు ఫిగైరెదో అనే పోర్చుగీసువాడు తన తుపాకీదారులతో ఆయనకు తోడ్పడినట్లు న్యూనిజ్ వ్రాశాడు. ఆ రోజులలోనే విజయనగరాన్ని చూచిన దొమింగో పేస్ అంగళ్లలోని బియ్యం, జొన్నలు, పెసలు, ఉలవలు, వంకాయలు పేర్కొన్నాడు. మిరప ఊసు లేదు. నాటి ఘాటు మిరియాలది. నాడు ఆ అంగడిలో కానరాని పంట నేడు ఈ జిల్లాలో ఎన్నో రైతు కుటుంబాలకు ఆధారం. ధర పడిపోయిన ఏడు ఆ ఇంట పెండ్లి వాయిదా పడుతుంది.

చిత్రమేమంటే, మిరపను తెచ్చినవారు తమ దేశంలో దానిని మితంగానే వాడుతారు. వారి వంటకు ప్రాణం ఆలివ్ నూనె, వెల్లుల్లి, ద్రాక్షసారా. బకల్యావు వారికి పండుగ వంటకం: ఉప్పుపట్టించి ఎండబెట్టిన కాడ్ చేపను ఒకటి రెండు రోజులు, నీళ్లు మారుస్తూ, నానబెట్టి వండుతారు. ఆ చేప పోర్చుగల్ తీరాన దొరకదు. ఉత్తర అట్లాంటిక్ చల్లని నీటిది. అలెంటెజు ప్రాంతంలో వెల్లుల్లి, పచ్చి కొత్తిమీర, ఉప్పు నూరి, ఆలివ్ నూనె, వేడినీరు పోసి, గట్టిపడిన రొట్టెముక్కలు నానవేస్తారు. దానిని అసోర్డా అంటారు. నిన్నటి రొట్టెను పారవేయని రాయచూరు గృహిణికి ఆ ఉపాయం క్రొత్త కాదు.

మాంసాన్ని ద్రాక్షసారా, వెల్లుల్లితో నానబెట్టే వారి పద్ధతికి గోవాలో వెనిగర్, ఎర్రమిరప తోడై విందాలూ అయినది. ఇక్కడి సరుకూ అటు వెళ్లినది. పండుగనాడు వారు పాలు, చక్కెరతో వండే తీపి అన్నంపై చల్లే దాల్చినచెక్క పొడి, ఒకనాడు సింహళం నుండి ఆ ఓడలలోనే లిస్బన్ చేరిన సరుకు.