చప్పుడు ఆగినంత మాత్రాన...

(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజను వాల్వుల గురించి గుమాస్తా ఏం మాట్లాడతాడని మీకు అనిపించవచ్చు. నేను మెకానిక్కును కాను. ముప్పయ్యారేళ్ల సర్వీసులో పన్నెండేళ్లు వాహనాల సెక్షను చూశాను. రిపేరు బిల్లులు, లాగు బుక్కులు, షెడ్డులో మేస్త్రీల మాటలు, ఇదే నా చదువు. నిరుడు డాలస్ దగ్గర మా అబ్బాయి ఇంట్లో ఆరు నెలలు ఉన్నప్పుడు అది అక్కరకొచ్చింది.

మా మనవడు 1974 నాటి షెవ్రొలె కమారో కారు కొన్నాడు. 350 క్యూబిక్ అంగుళాల, అంటే 5.7 లీటర్ల వి-8 ఇంజను. వేగం కోసం క్యాంషాఫ్టు, లిఫ్టర్లు కొత్తవి తనే బిగించుకున్నాడు. నెల తిరగకుండానే టిక్కు టిక్కుమని చప్పుడు మొదలైంది. "రాకరు నట్టు కాస్త బిగిస్తే పోతుంది తాతయ్యా! శనివారం హ్యూస్టన్ వెళ్లాలి" అన్నాడు. "ఆగరా, బిగించే ముందు వినాలి" అన్నాను.

క్యాంషాఫ్టు మీది ఉబ్బు లిఫ్టరును తోస్తుంది. లిఫ్టరు పుష్‌రాడ్డును, అది రాకరును, రాకరు వాల్వును కదుపుతాయి. మన పాత జీపుల్లో టాపెట్ గట్టి ఇనుపముక్క. సందును ఫీలర్ గేజీతో పెట్టేవారు. హైడ్రాలిక్ లిఫ్టరులో చిన్న ప్లంజరు, స్ప్రింగు, ఆయిలును వెనక్కి పోనివ్వని బంతి ఉంటాయి. ఇంజను ఆయిలే లోపల నిండి సందును పూడుస్తుంది. 1930లో కాడిలాక్ వి-16 కారులోనే ఈ ఏర్పాటు ఉండేది. ఆయిలే దాని ప్రాణం కనుక పరీక్ష కూడా ఆయిలుతోనే మొదలు.

ముందు డిప్‌స్టిక్ చూశాం. ఆయిలు తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది. మరీ ఎక్కువైతే క్రాంకు దాన్ని చిలికి నురగ చేస్తుంది. ఎలాగైనా లిఫ్టరులో గాలి చేరి చప్పుడు వస్తుంది. మట్టం సరిగానే ఉంది. తరువాత ప్రెషరు. నిమిషానికి వెయ్యి చుట్లకు 10 పౌండ్లు ఉంటే చాలునని ఈ రకం ఇంజన్లకు మేస్త్రీల లెక్క. అదీ బాగానే ఉంది.

ఇక చప్పుడు ఎప్పుడు వస్తోంది? స్టార్టు చేసిన కొద్ది క్షణాలే అయితే, రాత్రి జారిపోయిన ఆయిలు మళ్లీ నిండుతోందన్నమాట. వేడెక్కాక పోయేదైతే ఎగ్జాస్టు జాయింటు లీకేమో చూడాలి. అదీ అచ్చం ఇలాగే టిక్కుమంటుంది. మాది వేడెక్కినా పోలేదు. టైమింగ్ లైటు తగిలించాం. ఆ లైటు క్రాంకు రెండు చుట్లకు ఒకసారి మెరుస్తుంది, క్యాం కూడా రెండు చుట్లకు ఒకసారే తిరుగుతుంది. మెరుపుకొక చప్పుడైతే లోపం సాధారణంగా వాల్వుల వైపు. రెండైతే కింద క్రాంకు వైపు. మాకు మెరుపుకొకటి వచ్చింది. పొడుగు స్క్రూడ్రైవరు పిడి చెవికి ఆనించి వింటే ఒక సిలిండరు దగ్గర గట్టిగా తెలిసింది.

అప్పుడు మళ్లీ "బిగిస్తా తాతయ్యా" అన్నాడు. వద్దన్నాను. ఎందుకో వాడికి చెప్పాను, మీకూ చెబుతాను.

1983లో మా ఆఫీసు జీపు టాపెట్లు చప్పుడు చేస్తున్నాయని డ్రైవరు రాసిచ్చాడు. మెకానిక్కు టాపెట్లు బిగించేశాడు. బండి చడీచప్పుడూ లేకుండా నడిచింది. "ఇప్పుడు పికప్ లేదండీ, ఏదో తేడాగా ఉంది" అని డ్రైవరు నా బల్ల దగ్గరకొచ్చి నోటితో చెప్పాడు. నేను "శబ్దము తొలగించబడినది" అని రాసి ఫైలు మూసేశాను. సందు లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు. మూసుకున్నప్పుడే దాని వేడి సీటులోకి దిగుతుంది. అది లేక ఎగ్జాస్టు వాల్వు కాలిపోయి, పాడేరు ఘాటులో రాత్రిపూట బండి నిలిచిపోయింది. తప్పు డ్రైవరుదని మెమో ఇచ్చారు, జీతంలోంచి పది నెలలు కోశారు. ఆ మెమో టైపు చేసింది నేనే. ఆయన ముందే చెప్పాడన్న మాట నేను ఎక్కడా రాయలేదు.

హైడ్రాలిక్ లిఫ్టరు కొంత సర్దుకుంటుంది. సందు పోయాక నట్టును అర నుంచి ముప్పావు చుట్టు తిప్పితే చాలు. అంతకు మించి ప్లంజరు అడుగంటేలా బిగిస్తే అదీ ఆ జీపు వాల్వులాగే అవుతుంది.

మూత తీసి డయల్ గేజీతో కొలిచాం. మిగిలిన పుష్‌రాడ్లు ఏడు మిల్లీమీటర్లకు పైగా లేస్తున్నాయి, ఇదొక్కటి నాలుగే. ఆయిలు ఫిల్టరు కోస్తే మడతల్లో మెరిసే ఇనుప రజను. క్యాం ఉబ్బు అరిగిపోయింది! కొత్త క్యాం వేశాక మొదటి ఇరవై నిమిషాలు 2,000 చుట్లకు తగ్గకుండా నడపాలి. ఐడిల్లో క్యాం మీదికి ఆయిలు చాలినంత చిందదు. మావాడు కార్బురేటరు సర్దుతూ గంటసేపు ఐడిల్లో ఉంచాడు. పోసిందీ ఇప్పటి పలచటి ఆయిలు. 2004లో వచ్చిన ప్రమాణంతో అలాంటి ఆయిళ్లలో భాస్వరాన్ని 0.08 శాతానికి పరిమితం చేశారు. పాత రకం చదును లిఫ్టర్లకు అరుగుదల నుంచి రక్ష ఆ జింకు, భాస్వరాల మిశ్రమమే.

నట్టు బిగిస్తే చప్పుడు తగ్గేది. ఆ రజను బేరింగుల్లోకి పోయి, హ్యూస్టన్ దారిలో ఇంజను పట్టేసినా ఆశ్చర్యం లేదు. ప్రయాణం మానుకున్నందుకు మనవడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోనాడు ఇంజను దించుతూ "తాతయ్యా, ఆ డ్రైవరుకు తర్వాత సారీ చెప్పావా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆయన ఈనాడు మన సంఘ సభ్యులే, ఈ సభలోనే ఉన్నారు. పేరు చెప్పవద్దన్నారు, చెప్పను. అయ్యా, మీరు ఆనాడు నాకు ముందే చెప్పారు. నేను వినలేదు. నలభయ్యేళ్లు దాటాక అయినా, ఈ మాట మన సంచికలో అచ్చుకావాలని కోరి ఈ ప్రసంగం రాశాను. క్షమించండి.

సెలవు.